జూన్‌లో ఓడి ఆగస్టులో గెలిచే లైనస్

మా జిల్లా కీర్తి మందిరం అనగానే పాలరాతి స్తంభాలు ఊహించుకోకండి. మా ఊరు మరియన్‌ఫెల్డ్ బేస్‌బాల్ మైదానంలో బీరు కొట్టు వెనక గోడ, అంతే. పైన రేకుల చూరు, కింద కంకర. గోడ మీద ఇరవై తొమ్మిది ఇత్తడి పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో మొహం. చెక్కినవాడు సమాధిరాళ్లు చెక్కే మనిషి కావడం వల్ల అందరి మొహాల్లోనూ ఒకే రకమైన శాశ్వత ప్రశాంతత కనిపిస్తుంది. కింద పేరు చదివితే తప్ప సొంత పెళ్లాం కూడా పోల్చుకోలేదు. అయినా ఆ గోడ ఎక్కడానికి మా ఎనిమిది ఊళ్ల మగాళ్లు పడే తాపత్రయం స్వర్గానికి కూడా పడరు.

గోడకో నియమం ఉంది. ఏడుగురు సభ్యుల సంఘం, ఏడాదికోసారి, ఏప్రిల్‌లో, ఓటు. ఐదు చేతులు లేస్తే పలక. లేవకపోతే మళ్లీ వచ్చే ఏడాది. అలా మూడుసార్లే. మూడోసారీ లేవకపోతే ఆ పేరు కొట్టేస్తారు, ఇంక ఎప్పటికీ ఎత్తకూడదు.

లైనస్ థీలెన్ పేరు మొదటి ఏడాది మూడు చేతుల దగ్గర ఆగింది, రెండో ఏడాది నాలుగు దగ్గర. మిగిలింది ఒక్క ఏప్రిల్.

లైనస్ ముప్ఫై ఎనిమిదేళ్లు పాల లారీ నడిపాడు. తెల్లారకముందే బయల్దేరి, ముప్ఫై ఒక్క పశువుల కొట్టాల దగ్గర పాలు ఎత్తుకుని, పది గంటలకి డెయిరీలో దింపేవాడు. ఆవులకి ఆదివారం సెలవనే సంగతి తెలియదు కాబట్టి లైనస్‌కీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల ఆటకి రబ్బరు బూట్లతోనే వచ్చేవాడు. మైదానం గేటు దగ్గర కారు అంచున కూచుని ఆట బూట్లు తొడుక్కునేవాడు. ఎడమ చెయ్యి. మాటలు తక్కువ. ఎవరైనా "ఎలా ఉన్నావు లైనస్?" అంటే "పర్లేదు" అనేవాడు. ఇల్లు కాలిపోతున్నా ఆ మాటే అంటాడని మా ఊళ్లో అనుకునేవాళ్లం.

అతని బంతికి వేగం లేదు. వస్తూ వస్తూ మధ్యలో ఏదో మర్చిపోయినట్టు తటపటాయించి, బ్యాటు దగ్గరికి రాగానే గుర్తొచ్చినట్టు కిందికి దిగేది. కొట్టేవాడికి బంతి నెత్తి మాత్రమే దొరికేది. దాంతో అది గాల్లోకి లేవక నేల మీద దొర్లుకుంటూ పోయేది. అంటే లైనస్ పని అక్కడికి అయిపోయినట్టే. దొర్లే బంతిని ఒడిసిపట్టి విసరాల్సింది వెనక నిలబడ్డవాళ్లు.

వెనక నిలబడ్డవాళ్లం మేము.

మా ఊరి జనాభా నాలుగు వందల పన్నెండు. అందులో తొమ్మిదిమందిని పోగెయ్యడమే మాకు సగం విజయం. ఒక ఏడాది మనిషి తక్కువై చర్చి ఫాదరుగారే కుడి మూలన నిలబడ్డారు. బంతి వచ్చినప్పుడల్లా ఆయన ముందు ఆకాశంవైపు చూసేవారు, తర్వాత బంతివైపు. నేను తొమ్మిదేళ్లు రెండో బేస్ దగ్గర ఆడాను. మా అమ్మ తమ్ముడు, అంటే మా రోమన్ మామయ్య, పన్నెండేళ్లు మూడో బేస్ దగ్గర ఆడాడు. కొట్టడంలో మామయ్య పులి. పట్టడం గురించి తర్వాత చెబుతాను.

ఇలాంటి జట్టుతో లైనస్ ఇరవై రెండు వేసవులు బంతి వేసి తొంభై నాలుగు ఆటలు గెలిచాడు, నూట ముప్ఫై ఒకటి ఓడాడు. జులై చివర్లో మా ప్రాంతపు పోటీల్లో మొదట ఓడి ఇంటికొచ్చేది మేమే. ఆ తర్వాత మొదలయ్యేది లైనస్ రెండో జీవితం.

మా రాష్ట్రపు పల్లె బేస్‌బాల్లో ఒక ఆచారం ఉంది. ఒక ప్రాంతంలో గెలిచి రాష్ట్ర పోటీకి వెళ్లే జట్టు, అదే ప్రాంతంలో ఓడిన జట్ల నుంచి ముగ్గుర్ని అరువు తెచ్చుకోవచ్చు. నిన్నటిదాకా ఎవణ్ణి తిట్టామో ఇవాళ వాడికే మన చొక్కా తొడుగుతాం. పక్క ఊళ్లైన కిమెల్ వాళ్లో, లేక్ ఒడీల్ వాళ్లో లైనస్ ఇంటికి వచ్చేవాళ్లు. "వస్తావా?" అనేవాళ్లు. "పర్లేదు" అనేవాడు. పదిహేను ఆగస్టుల్లో అలా వెళ్లాడు. రాష్ట్ర పోటీల్లో పంతొమ్మిది గెలిచి మూడే ఓడాడు. నాలుగు కప్పులు నాలుగేళ్లలో మా పక్క ఊళ్లకి వచ్చాయంటే లైనస్ చేతి చలవే. చివరి ఆట అయిపోగానే అరువు చొక్కా ఉతికి, మడత పెట్టి, పాల లారీలోనే తీసుకెళ్లి వాళ్లకి ఇచ్చేసేవాడు.

సంఘంలో గొడవంతా ఇక్కడే. ఆగస్టు ఆటల్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా?

సంఘం పెద్ద మా మామయ్యే. ఆయన పలక గోడ మీద ఎప్పుడో ఎక్కింది. వాదన ఆయన నోట బాగానే ఉండేది. గోడ వేసవులకి కట్టింది, ఆగస్టులో రెండు వారాలు ఎండ తగిలితే ఎవడైనా వికసిస్తాడు, మే నుంచి జులై దాకా బురదలో ఎవడు నిలబడ్డాడన్నదే లెక్క అనేవాడు. దానికి సంఘంలో ఇంకో సభ్యురాలు, బీరు కొట్టు నడిపే ఆర్డెల్, మామయ్యతో ఒకటో తరగతి నుంచి చదువుకున్న మనిషి, జవాబు చెప్పేది.

"ఈస్టర్ రోజు చర్చి మొత్తాన్ని ఏడిపించేలా పాడినవాణ్ణి, మామూలు ఆదివారాలు గొంతు పట్టేసిందని పాటగాడే కాదంటావా రోమన్?"

"మామూలు ఆదివారాలు యాభై ఒకటి ఉన్నాయి ఆర్డెల్."

"ఆ యాభై ఒకటీ నువ్వు వెనక బెంచీలో నిద్రపోయావుగా, నీకేం తెలుసు?"

ఇలా నవ్వులతో సాగేది కానీ, అడుగున ఒక ముల్లు ఉంది. మా చొక్కాలో ఓడినవాడు పక్క ఊరి చొక్కాలో గెలిచాడు కదా. అందుకని ఒకప్పుడు మా ఊళ్లో ఒక మాట పుట్టింది, లైనస్ ఆగస్టు కోసం చెయ్యి దాచుకుంటాడని. పుట్టించింది కూడా మా మామయ్యే, డెబ్బై తొమ్మిదిలో, ఒక శనివారం కాఫీ హోటల్లో. ఆ మాట అన్నప్పుడు లైనస్ రెండు బల్లల అవతల సూప్ తాగుతున్నాడు. చెంచా కింద పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు కిమెల్ మీద, మామూలు తొమ్మిది దాటి, పదకొండు ఇన్నింగ్స్ ఒక్కడే బంతి వేశాడు. రెండు-ఒకటి తేడాతో ఓడిపోయాం. చెయ్యి దాచుకునేవాడు పదకొండు ఇన్నింగ్స్ వెయ్యడు. కానీ ఊరి నోట్లో పడ్డ మాట బయటికి రాదు. లైనస్‌కి పలక రాకపోతే ఆ మాటకి ఇత్తడి ముద్ర పడ్డట్టే.

ఇప్పుడు నా సంగతి. నేను సంఘం కార్యదర్శిని, బళ్లో లెక్కల మాస్టర్ని. లైనస్ వెనక తొమ్మిదేళ్లు ఆడినవాణ్ణి. రెండుసార్లూ లైనస్‌కి వ్యతిరేకంగా ఓటేశాను. సిగ్గుగానే చెబుతున్నాను. అంకెలు అబద్ధం చెప్పవని పిల్లలకి ఇరవై ఐదేళ్లుగా పాఠం చెప్పి చెప్పి నేనూ నమ్మేశాను. వేసవుల్లో అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగులు సగటున నాలుగు పాయింట్ తొమ్మిది ఒకటి. ఆ అంకెతో గోడ ఎవడూ ఎక్కలేదు. ఆగస్టు సగటు రెండు పాయింట్ రెండు. ఆగస్టు ఆటలు ఇరవై రెండే కదా, గాలివాటం అయి ఉంటుందని బోర్డు మీద సుద్దతో వివరించాను కూడా. ఆర్డెల్ రెండు వారాలు నాకు సాసేజ్ మీద ఉల్లిపాయ వెయ్యలేదు.

మూడో ఓటుకి ముందు, ఈసారైనా లెక్కలు మూలం నుంచి తియ్యమని సంఘం నాకు పురమాయించింది. మూలం అంటే స్కోరు పుస్తకాలు. అవి రాసింది మా అమ్మ. పేరు ఫిలోమినా. ఇరవై ఏడేళ్లు ప్రతి ఆదివారం వెనక వరసలో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఒక్క బంతి వదలకుండా రాసింది. ఇప్పుడు ఎనభై నిండి, చర్చి వెనక అపార్టుమెంటులో ఉంటూ, వారానికి నాలుగు రోజులు పేకాటలో పొరుగువాళ్లకి గుండు కొట్టేస్తోంది.

ఒక శనివారం ఆమె వంటింటి బల్ల మీద పుస్తకాలు పరిచాను. చూడగా చూడగా కొన్ని హిట్ల, అంటే ఎవరూ ఆపలేని దెబ్బల, పక్కన చిన్న పెన్సిల్ చుక్క, చుక్క పక్కన అంకె కనిపించాయి. నాలుగు, ఐదు, ఆరు. స్కోరు పుస్తకంలో ఒక్కో చోటుకి ఒక్కో అంకె ఉంటుంది. నాలుగంటే రెండో బేస్. ఐదంటే మూడో బేస్. చుక్కలు ఒకటి రెండు కాదు, పేజీల నిండా ఉన్నాయి.

ఇవేంటమ్మా అన్నాను. ఆమె పేకముక్కలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"అవా? అవి మీరు వదిలేసినవి."

"వదిలేస్తే తప్పు అని రాయాలి కదా. హిట్ అని రాశావేంటి?"

"ఎలా రాయమంటావురా? వాళ్లమ్మలు నా ముందు బెంచీలోనే కూచునేవాళ్లు. సోమవారం పేపర్లో పడుతుంది ఎవరెవరు ఎన్ని తప్పులు చేశారో. ఆ పిల్లాడికి అసలే ఉద్యోగం పోయింది, ఈ పిల్లాడికి పెళ్లి సంబంధం చూస్తున్నారు. హిట్ అని రాసేదాన్ని. అబద్ధం ఆడానని మనసులో పీకకుండా పక్కన చుక్క పెట్టేదాన్ని. దేవుడికి తెలుస్తుంది కదా."

సంగతేమిటంటే, ఆటగాడి తప్పు వల్ల వచ్చిన పరుగు పిచర్, అంటే బంతి వేసేవాడి, ఖాతాలో పడదు. హిట్ వల్ల వచ్చింది పడుతుంది. మా అమ్మ ఊరందరి మర్యాదా కాపాడింది. ఆ బరువంతా ఇరవై రెండేళ్లు ఒక్క లైనస్ నెత్తిన పెట్టింది. రాష్ట్ర పోటీల్లో స్కోరు రాసేది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొత్తవాళ్లు. వాళ్లకి మా అమ్మల మొహాలు తెలియవు, ఉన్నది ఉన్నట్టు రాశారు.

అమ్మకి అదే చెప్పాను. ఆమె పేకముక్కలు బల్ల మీద పెట్టేసింది.

"లైనస్‌కి వాళ్లమ్మ లేదురా. వాడు ఆడే నాటికే పోయింది. నా ముందు బెంచీలో వాడి తరఫున ఎవరూ కూచోలేదు."

వారం రోజులు చుక్కలు లెక్కపెట్టాను. మొత్తం మూడు వందల ఎనభై ఆరు. వాటిని తప్పులుగా తీసుకుని, వాటి వల్ల వచ్చిన పరుగులు తీసేసి, మళ్లీ సగటు కట్టాను. రెండు పాయింట్ నాలుగు. ఆగస్టు లైనస్, జూన్ లైనస్ ఒకే మనిషి. మారింది వెనక నిలబడ్డవాళ్లూ, పెన్సిల్ పట్టుకున్నవాళ్లూ.

అందులో నాలుగు అంకెతో చుక్కలు, అంటే నావి, డెబ్బై ఒకటి. మూడుసార్లు లెక్కపెట్టాను, తగ్గుతాయేమోనని. మూడోసారి డెబ్బై రెండు వచ్చింది. అక్కడితో ఆపేశాను.

ఓటు రోజు బీరు కొట్టు వెనక గదిలో కూచున్నాం. బయట మైదానంలో ఇంకా మంచు అక్కడక్కడా మురికి దుప్పట్లలా పడి ఉంది. మామయ్య సుత్తితో బల్ల మీద కొట్టి, కార్యదర్శి లెక్కలు చదవాలన్నాడు. నేను లేచాను. చుక్కల సంగతి, అమ్మ మాట, కొత్త సగటు చెప్పాను. నా చుక్కలు ఎన్నో చెప్పాను. గదిలో నవ్వులు లేచాయి. నవ్వనీ అనుకున్నాను. లేక్ ఒడీల్ నుంచి వచ్చిన సభ్యుడు డెబ్బై రెండేనా, అప్పట్లో ఆడుతుంటే రెండు వందలు ఉంటాయనుకున్నామే అన్నాడు.

ఐదు అంకెతో ఎన్ని ఉన్నాయో మాత్రం నేను చెప్పలేదు. మామయ్య పలక మీద "మూడో బేస్ దగ్గర ఇనుప గోడ" అని చెక్కి ఉంది. తొంభై మూడు చుక్కలు నా నాలుక మీద ఉన్నాయి, మామయ్య నా ఎదురుగా ఉన్నాడు. లెక్కల మాస్టారు అక్కడ ఆగిపోయాడు, మేనల్లుడు కూచున్నాడు.

మామయ్య చెయ్యి చాచాడు. పుస్తకం ఇవ్వమన్నాడు. డెబ్బై తొమ్మిది పుస్తకం అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. కిమెల్ ఆట, పదకొండో ఇన్నింగ్స్. అక్కడ వేలు పెట్టాడు.

"ఇది నా కాళ్ల మధ్య నుంచి పోయింది" అన్నాడు మామయ్య. "హిట్ కాదు. చంటిపిల్లాడు పట్టే బంతి. ముందురోజు వాడి గురించి ఆ కూత కూసింది నేనే. మర్నాడు వాడి ఆట పోగొట్టింది నేనే. సోమవారం పేపర్లో హిట్ అని చూసి, హమ్మయ్య అనుకున్నాను. నలభై ఏళ్లు కావస్తోంది. అక్కకి తెలియదనుకున్నాను."

మామయ్య నావైపు తిరిగాడు.

"ఒరేయ్ మైరన్, నావి ఎన్ని?"

"తొంభై మూడు మామయ్యా."

"నీకంటే ఎక్కువే." ఆ మాటలో ఎక్కడో కాస్త గర్వం కూడా వినిపించిందని నేను ఒట్టేసి చెప్పగలను. "బంతి అలా పోయినప్పుడల్లా వాడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి నావైపు చూశాడేమో గుర్తు తెచ్చుకుంటున్నాను. చూడలేదు. బూటుతో మట్టి సర్దుకుని తర్వాతి బంతి వేసేవాడు."

తర్వాత పక్క ఊళ్ల సభ్యులూ మెల్లగా గొంతు విప్పారు. కిమెల్ తరఫున వచ్చిన పెద్దాయన తమ ఊరి స్కోరు కూడా తన పెద్దమ్మే రాసేదని, ఇప్పుడు ఇంటికెళ్లి ఆ పుస్తకాలు చూడాలంటే భయంగా ఉందని ఒప్పుకున్నాడు. ఇంతమంది మగాళ్ల పరువు పోయే సభ అలా ఉల్లాసంగా సాగడం నేనెప్పుడూ చూడలేదు.

ఓటు పెట్టారు. ఆర్డెల్ చెయ్యి మొదట లేచింది, కిమెల్ పెద్దాయనది రెండోది. మామయ్య చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది.

"ఒక మాట రాసుకోండి" అన్నాడు. "నేను ఆగస్టు ఆటలకి ఓటెయ్యడం లేదు. నా మాట మీద నేను ఉన్నాను. వాడి జూన్‌కి ఓటేస్తున్నాను."

"దేనికి వేసినా చెయ్యి ఒకటేగా రోమన్" అంది ఆర్డెల్. "ఎత్తు."

ఎత్తాడు. ఆరు చేతులు లేచాయి. లేక్ ఒడీల్ సభ్యుడు మాత్రం చుక్కల్ని నమ్మి ఓటేస్తే రేపు మచ్చల్ని నమ్మాల్సి వస్తుందని చేతులు కట్టుకుని కూచున్నాడు. లైనస్ ఆ సభ్యుడి ఊరికి తెచ్చిపెట్టిన కప్పు అక్కడి బ్యాంకు కిటికీలో ఇప్పటికీ ఉంది. అయినా ఐదు చాలు.

కబురు చెప్పడానికి మామయ్యా నేనూ వెళ్లాం. లైనస్ షెడ్డులో గడ్డి కోసే యంత్రం బ్లేడుకి ఆకురాయితో పదును పెడుతున్నాడు. రిటైరయ్యాక మైదానం గడ్డి అతనే కోస్తాడు, జీతం లేకుండా. మామయ్య దారంతా మాటలు కూర్చుకున్నాడు కానీ అక్కడికి వెళ్లాక టోపీ చేతిలో తిప్పుతూ నిలబడిపోయాడు.

"నీకు పలక వచ్చింది" అన్నాడు చివరికి. "డెబ్బై తొమ్మిదిలో హోటల్లో నేను అన్న మాట తప్పు. కిమెల్ ఆటలో ఆ బంతి నాది."

లైనస్ ఆకురాయి ఆపాడు. "తెలుసు" అన్నాడు.

"మరి నలభై ఏళ్లు ఎందుకు అనలేదయ్యా?"

"నువ్వు కొట్టినవి లేకపోతే ఆ తొంభై నాలుగు గెలుపుల్లో సగం ఉండేవి కావుగా రోమన్. ఆ లెక్క ఎవరూ అడగలేదు, ఈ లెక్కా ఎవరూ అడగలేదు."

పలక మీద ఏ ఊరి పేరు వెయ్యాలని నేను అడిగాను. నాలుగు కప్పులు నాలుగు ఊళ్లవి కదా, అన్నీ చెక్కిస్తే మంచిదేమోనని సంఘం అనుకుంటోంది లైనస్ అన్నా, అన్నాను. అతను బ్లేడు వెలుగులో పెట్టి అంచు చూసుకున్నాడు.

"మరియన్‌ఫెల్డ్" అన్నాడు. మామయ్య బయటికి వెళ్లి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

పలక బిగించింది జూన్ రెండో ఆదివారం. ఎనిమిది ఊళ్ల నుంచీ జనం వచ్చారు. కార్లు మొక్కజొన్న చేల పక్కన రోడ్డుకి రెండువైపులా మైలు దూరం ఆగాయి. అమ్మ ముందు బెంచీలో కూచుంది, వెనక వరసలో కాదు. లైనస్ తరఫున ఇవాళ తను కూచుంటానంది. లైనస్ టై కట్టుకున్నాడు. పెళ్లికి తప్ప అతను టై కట్టుకోవడం చూసినవాళ్లు లేరు. మామయ్య మైకు పట్టుకుని, నాలుగు వందల పన్నెండుమంది ఊళ్లో ఎవరి చెవినీ వదలకుండా, తన తొంభై మూడు చుక్కల సంగతి తనే చెప్పేశాడు. ఆ తర్వాత లైనస్ పేరు చదివాడు.

జనం లేచారు. చప్పట్లు మొదలై ఆగలేదు. లైనస్ తను బంతులు వేసిన మట్టిదిబ్బ దాటి నడుచుకుంటూ వస్తున్నాడు, నెమ్మదిగా, పాల లారీ దిగి కొట్టంలోకి నడిచే మనిషిలా. మధ్యలో ఆగాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, ఎవరి కోసం ఈ చప్పట్లన్నట్టు. ఆ తిరగడం చూసి జనం ఇంకా గట్టిగా కొట్టారు. బీరు కోసం వరస కట్టిన నలభైమంది కొట్టువైపు వీపులు తిప్పి నిలబడ్డారు. ఆర్డెల్ కుళాయి కట్టేసి, ఎప్రాన్‌తో చేతులు తుడుచుకుని, సాసేజ్ పొయ్యి ఆర్పేసి బయటికి వచ్చింది. మా మైదానంలో బీరు పదకొండు నిమిషాలు ఆగింది. అలా ఆగడం అదే మొదటిసారి, ఒక్కరూ గొణగలేదు.